‘డస్ట్ మై బ్రూమ్’ ఎవరి పాట? రాబర్ట్ జాన్సన్‌దా, ఎల్మోర్ జేమ్స్‌దా?

పాతప్లేటు

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్లో పదిపన్నెండు మందిమి నెలకొకసారి ఒకరి ఇంట్లో కూర్చుని పాత రికార్డులు వింటూ ఉంటాము. ఈ నెల అమెరికా నల్లవారి పాటల సంప్రదాయమైన బ్లూస్ వంతు వచ్చింది. పాటల పట్టిక అచ్చు వేయించి అందరికీ పంచే పని నా మీద పడింది. ఆ కాగితంలో గాయకుడు, రచన, సంవత్సరం అని మూడు గడులుంటాయి. ‘డస్ట్ మై బ్రూమ్’ దగ్గరికి వచ్చేసరికి రెండో గడిలో ఏం రాయాలో తోచలేదు. నా దగ్గరున్న ఒక సంకలనం అట్ట మీద రచన ఎల్మోర్ జేమ్స్ అని ఉంది, ఇంకొకదాని మీద రాబర్ట్ జాన్సన్ అని ఉంది. వరుసగా రెండూ విన్నాను. మాటలు చాలావరకు ఒకటే అయినా, వాయిద్యం మాత్రం ఒకే పాటలాగా లేదు.

ఇంకొక సందేహం కూడా ఉంది. ఎల్మోర్ జేమ్స్‌కు తెలియకుండా ఆయన పాటను దొంగచాటుగా రికార్డు చేశారని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అందులో నిజమెంత? తెలిసినవారు చెప్పగలరు.

గోదారిగట్టు

ముందుగా తేదీలు చూసుకుంటే సగం చిక్కు విడిపోతుంది. రాబర్ట్ జాన్సన్ జీవితంలో మొదటిసారి మైకు ముందు కూర్చున్నది 1936 నవంబరు 23న, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో, గంటర్ హోటల్ గదిలో. ఆ రోజు ముందుగా ‘కైండ్ హార్టెడ్ వుమన్ బ్లూస్’ పాడి, ఆ వెంటనే ఈ పాటను, దాని తరువాత ‘స్వీట్ హోమ్ చికాగో’ను పాడాడు. లేబుల్ మీద ఈ పాట పేరు ‘ఐ బిలీవ్ ఐల్ డస్ట్ మై బ్రూమ్’ అని పొడుగ్గా ఉంటుంది. 1937లో వొకాలియన్ అనే రికార్డుల సంస్థ విడుదల చేసింది. జాన్సన్ పాటల్లో ఆ రోజుల్లో చెప్పుకోదగ్గంతగా అమ్ముడుపోయింది ‘టెర్రాప్లేన్ బ్లూస్’ ఒక్కటే కనుక, ఈ రికార్డు పెద్దగా ఎవరి చెవినీ పడలేదు. 1938 ఆగస్టు 16న మిసిసిపీలోని గ్రీన్‌వుడ్ దగ్గర 27 ఏళ్ల వయసులో ఆయన చనిపోయాడు.

ఎల్మోర్ జేమ్స్ రికార్డు 1951 ఆగస్టు 5న మిసిసిపీ రాష్ట్ర రాజధాని జాక్సన్‌లో తయారైంది. మధ్యలో దాదాపు పదిహేనేళ్లు గడిచాయి. పైగా జేమ్స్ యువకుడిగా మిసిసిపీ డెల్టా ప్రాంతంలో జాన్సన్‌తో పరిచయం ఉన్నవాడే. అందువల్ల రచన గడిలో జాన్సన్ పేరు రాసి ముగించవచ్చని నా అభిప్రాయం.

చాటుధార

గోదారిగట్టు గారి తేదీలతో నాకు పేచీ లేదు, ముగింపుతోనే ఉంది. ఆ పాటలోని చరణాలను ఒక్కొక్కటిగా పట్టుకుని వెనక్కి వెళితే, జాన్సన్ కూడా మధ్య మజిలీగానే కనిపిస్తాడు.

సెయింట్ లూయీలో పేరు తెచ్చుకున్న స్పార్క్స్ కవల సోదరులు, అంటే పైన్‌టాప్, లిండ్‌బర్గ్ అని పిలిపించుకున్నవారు, 1932లో ‘ఐ బిలీవ్ ఐల్ మేక్ ఎ చేంజ్’ అనే పాటను పియానోతో రికార్డు చేశారు. ఇక లాభం లేదు, దారి మార్చుకుంటాను అనే వరస అక్కడే ఉంది. రెండేళ్లకు లెరోయ్ కార్ అదే పాటను స్క్రాపర్ బ్లాక్‌వెల్ గిటారు తోడుగా పాడాడు. కార్ ఆనాటి బ్లూస్ గాయకుల్లో ఎక్కువ మంది అనుకరించినవాడు, జాన్సన్ ఆయన రికార్డులను శ్రద్ధగా విన్నాడనడానికి ఆ గొంతులోనే గుర్తులున్నాయి. ఇక పాట పేరులోని ‘డస్ట్ మై బ్రూమ్’, అంటే చీపురు దులపడం అనే మాట విషయానికొస్తే, 1933లో కార్ల్ రాఫర్టీ అనే గాయకుడు రూజ్‌వెల్ట్ సైక్స్ పియానో మీద ‘మిస్టర్ కార్ల్స్ బ్లూస్’ పాడుతూ ఆ మాట అన్నాడు. 1934లో కొకోమో ఆర్నాల్డ్ ‘సేజ్‌ఫీల్డ్ వుమన్ బ్లూస్’లో అన్నాడు. చైనాకు ఫోను చేసి నా పిల్ల అక్కడుందేమో కనుక్కుంటాను అనే చరణం కూడా ఆర్నాల్డ్ ‘సిస్సీ మ్యాన్ బ్లూస్’లో ముందే ఉంది. అసలు ‘స్వీట్ హోమ్ చికాగో’కు మూలం కూడా ఆర్నాల్డ్ పాడిన ‘ఓల్డ్ ఒరిజినల్ కొకోమో బ్లూస్’ అని గుర్తుంచుకుంటే, ఆ రోజు హోటల్ గదిలో జాన్సన్ చెవుల్లో ఎవరి రికార్డులు మోగుతున్నాయో తెలుస్తుంది.

మనకు ఇది కొత్త సంగతి కాదు. దిక్కులేని చాటుపద్యాన్ని శ్రీనాథుడికో తెనాలి రామకృష్ణుడికో అంటగట్టడం మనవాళ్లకు అలవాటే. వేమన మకుటం తగిలించిన పద్యాలన్నీ వేమనవేనని పండితులెవరూ ఒప్పుకోరు. ఏతాం తొక్కేటప్పుడు పాడిన చరణం నాట్లేసేటప్పుడు పాడే పాటలోకి వచ్చి కూర్చుంటే, దాన్ని దొంగతనం అని ఎవరూ అనలేదు. బ్లూస్ చరణాలు కూడా అలా నోటి నుంచి నోటికి తిరిగినవే. 1920 తరువాత బ్లూస్ రికార్డుల వ్యాపారం వచ్చి వాటి మీద పేర్లు అచ్చు వేయడంతోనే ఈ తగవు మొదలైంది.

మిరపతోట

నాకు ఈ వాదన కొంచెం అనుమానంగా ఉంది. జాన్సన్ పది చోట్ల నుంచి పది ముక్కలు తెచ్చి కుట్టాడని మీరే అంటున్నారు, ఆ పైన ఆయనను వెనకేసుకొస్తున్నారు. కొకోమో ఆర్నాల్డ్ 1934లో పాడిన మాటను 1936లో పాడిన మనిషి గొప్పవాడు, 1936 నాటి పాటను 1951లో పాడిన మనిషి మాత్రం ఎత్తుకుపోయినవాడా? ఎల్మోర్ జేమ్స్‌ను నిలదీసేవారంతా జాన్సన్‌ను కూడా అదే కొలతతో కొలవాలి. లేకపోతే ఇది అకాలమరణం చెందిన మనిషి మీద జాలి అవుతుంది, విచారణ కాదు.

చాటుధార

మిరపతోట గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను జాన్సన్‌ను దొంగ అనడం లేదు, కానీ ఒట్టి అతుకుల బొంత కుట్టినవాడు అని కూడా అనను. ఆ చైనా చరణాన్నే దగ్గరగా చూద్దాం. ఆర్నాల్డ్ పాటలో మొదటి పాదం చైనాకు ఫోను చేయడం, దాని జవాబు పాదం ఈ లోకంలో ఎక్కడో నాకొక మంచి పిల్ల ఉందని బైబిల్ చెబుతోంది కదా అనడం. అది చక్కటి చమత్కారం, అక్కడికి సరి. జాన్సన్ ఆ జవాబు పాదాన్ని తీసేశాడు. ఫిలిప్పీన్స్ దీవుల్లో కూడా కనబడకపోతే ఇథియోపియాలో ఎక్కడో ఉండి తీరాలి అని పెట్టాడు.

ఆ రెండు ఊహాప్రయాణాల తేదీలు గమనించండి. 1935 అక్టోబరులో ముస్సోలినీ సైన్యం ఇథియోపియా మీద దండెత్తింది. అమెరికాలోని నల్లవారి పత్రికలు ఆ యుద్ధాన్ని నెలల తరబడి మొదటి పేజీల్లో వేశాయి, ఎందుకంటే ఆఫ్రికాలో తెల్లవారి పాలనకు లొంగకుండా మిగిలిన రాజ్యంగా ఆ దేశం మీద వారికి ప్రత్యేకమైన అభిమానం ఉండేది. అదే ఏడాది నవంబరులో అమెరికా ఏలుబడిలోని ఫిలిప్పీన్స్‌కు కామన్‌వెల్త్ ప్రతిపత్తి వచ్చింది. డెల్టాలో ఊరూరా తిరిగి వీధి మూలల్లో పాడుకునే యువకుడు ఆ పేర్లను పత్రికల్లోనో పదిమంది నోళ్లలోనో విని చరణంలోకి తెచ్చుకున్నాడని నా ఊహ. అంతకుముందు చరణంలో వెతుకులాట ఆర్కన్సా రాష్ట్రంలోని వెస్ట్ హెలీనా దగ్గర మొదలవుతుంది. పక్క ఊళ్లో దొరకని మనిషి కోసం చివరికి ఇథియోపియా దాకా వెళ్లిన ఆ మెట్లవరస ఆర్నాల్డ్ పాటలో లేదు.

ఆరుతీగలు

అందరూ మాటల దగ్గరే ఆగిపోయారు. ఈ పాటను పాటగా నిలబెట్టింది ఎత్తుగడ, అంటే పాట మొదలయ్యే గిటారు వరస. నేను గిటారు వాయిస్తాను కాబట్టి ఆ సంగతి చెప్పనివ్వండి.

చాలామంది పొరపడే విషయం ఒకటి ముందే చెబుతాను: జాన్సన్ రికార్డులో స్లయిడ్, అంటే వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చే పద్ధతి, లేదు. తెలియని రోజుల్లో నేను కూడా వేలికి గొట్టం తొడుక్కుని ఆ రికార్డుతో పాటు వాయించబోయి నెల రోజులు వృథా చేసుకున్నాను. ఆయన ఆ పైతీగల మీది మూడేసి దెబ్బలను వేళ్లతో మెట్ల మీద నొక్కే వాయించాడు. మన లెక్కలో చెప్పాలంటే తిశ్రగతి: నాలుగు అక్షరాలకూ ఒక్కోదానికి మూడేసి చొప్పున, ఆవృతానికి పన్నెండు దెబ్బలు. ఎత్తుగడ అయిపోగానే బొటనవేలు కిందితీగల మీద పియానోవాడి ఎడమచేతి నడకను పట్టుకుంటుంది. స్పార్క్స్ సోదరులు, కార్, సైక్స్ పియానో మీద చేసిన పనిని ఒక్క గిటారు మీదికి దింపడం జాన్సన్ సొంత తెలివి. ఆ కింది నడకే తరువాత చికాగో బ్లూస్‌కు, ఆ తరువాత రాక్ అండ్ రోల్‌కు పునాది అయింది. అందుకే మిరపతోట గారి కొలతలో కూడా జాన్సన్ నిలబడతాడు. మాటలు పాతవైనా ఈ వాయిద్యం ఆయన కంటే ముందున్న ఏ రికార్డులోనూ నాకు వినిపించలేదు.

ఎల్మోర్ జేమ్స్ చేసింది ఏమిటంటే, ఆ మూడేసి దెబ్బలనే తీసుకుని, తీగలను డి స్వరానికి తెరిచి శ్రుతి చేసి, చిటికెన వేలికి గొట్టం తొడిగి, పన్నెండో మెట్టు మీదికి జారుస్తూ వాయించాడు. గోటువాద్యం విన్నవారికి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది: మెట్టు మెట్టుకూ మధ్య ఉన్న సందు కూడా పలుకుతుంది, స్వరం కుదురుగా నిలబడక వణుకుతూ ఉంటుంది. దానికి తోడు కరెంటు. జేమ్స్ మిసిసిపీలోని కాంటన్ ఊళ్లో రేడియోలు బాగుచేసే దుకాణంలో పనిచేశాడు, యాంప్లిఫైయర్‌ను ఏ మేరకు పీడిస్తే గిటారు గొంతు చిరుగుతుందో తెలిసిన చెయ్యి. జాన్సన్ దగ్గర అది వేళ్ల చమత్కారం, జేమ్స్ దగ్గర ఊరంతా వినబడే కేక.

ఆ కేక ఆయనను జీవితమంతా వదల్లేదు. 1952లో మీటియర్ సంస్థకు ‘ఐ బిలీవ్’ అనీ, 1955లో ఫ్లెయిర్ లేబుల్ మీద ‘డస్ట్ మై బ్లూస్’ అనీ, తరువాత ఫైర్ సంస్థకు మళ్లీ పాత పేరుతోనూ అదే పాటను పాడాడు. ఆ పిచ్చి పట్టిన ఇంగ్లీషు కుర్రాడు జెరెమీ స్పెన్సర్ ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బృందంలో ఉండగా 1968లో వచ్చిన ‘మిస్టర్ వండర్‌ఫుల్’ ఆల్బమ్‌లో నాలుగు పాటలు ఇదే ఎత్తుగడతో మొదలవుతాయి. అభిమానం సరే, కానీ నాలుగోసారి విసుగొస్తుంది.

మిసిసిపీ_బాబాయి

పాతప్లేటు గారి రెండో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు జాక్సన్‌లో ఉన్నాను, ఫారిష్ వీధిలో చాలాసార్లు నడిచాను. ఒకప్పుడు నల్లవారి వ్యాపారాలతో కిటకిటలాడిన ఆ వీధి ఇప్పుడు ఎక్కువగా మూతపడిన దుకాణాలే. అక్కడ 309 నంబరు దగ్గర, జేమ్స్ పాటను రికార్డు చేసిన ట్రంపెట్ రికార్డ్స్ సంస్థ జ్ఞాపకంగా ఒక నీలం ఫలకం నిలబెట్టారు.

ఆ సంస్థ కథ వింతగా మొదలైంది. లిలియన్ మెక్‌మరీ అనే తెల్లజాతి మహిళ, ఆమె భర్త 1949లో ఆ వీధిలో ఒక హార్డ్‌వేర్ దుకాణం కొన్నారు. సరుకు సర్దుతుంటే పాత రికార్డుల దొంతర ఒకటి బయటపడింది. అందులో వైనోనీ హారిస్ పాటను పెట్టి విని ఆమె నిలువునా కదిలిపోయింది. రికార్డులు అమ్మడంతో మొదలుపెట్టి, ఏడాది తిరగకుండానే సొంతంగా తయారుచేయడానికి ట్రంపెట్ సంస్థను పెట్టింది. 1951 మొదట్లో హార్మోనికా వాయించే సన్నీ బాయ్ విలియమ్సన్ (ఆ పేరుతో పాడిన ఇద్దరిలో రెండోవాడు, అసలు పేరు రైస్ మిల్లర్) ఆమె దగ్గర రికార్డు చేశాడు. ఎల్మోర్ జేమ్స్ ఆయన వెంట తిరిగే గిటారువాద్యకారుడు.

ఇక ప్రచారంలో ఉన్న కథ ఇది. జేమ్స్‌కు మైకు అంటే బెరుకు. సాధన చేస్తున్నామని నమ్మించి, ఆయనకు తెలియకుండా యంత్రం తిప్పి రికార్డు చేశారు, విషయం తెలిసి ఆయన అలిగి రెండో పాట పాడకుండా వెళ్లిపోయాడు. ఈ కథకు బలం ఇచ్చింది ప్లేటు వెనక వైపు: అక్కడున్న ‘క్యాట్‌ఫిష్ బ్లూస్’ పాడింది బోబో థామస్, కానీ లేబుల్ మీద అచ్చయింది ముందువైపు పాడిన జేమ్స్ పేరే. రెండో పాట లేకపోవడం నిజం, దాని కారణమే కల్పన. మెక్‌మరీ తరువాతి రోజుల్లో ఈ దొంగచాటు కథను గట్టిగా ఖండించింది. జేమ్స్ తన దగ్గర ఒప్పందం మీద సంతకం చేసే పాడాడని చెప్పింది. గాయకులకు రావలసిన సొమ్ము లెక్కగట్టి ఇచ్చేదని ఆ రంగంలో అరుదైన పేరు ఆమెకుంది కనుక, నాకు ఆమె మాట మీదే గురి. పైగా చెవులున్న ఎవరైనా ఆ రికార్డు వినండి. సన్నీ బాయ్ హార్మోనికా, బాస్, డ్రమ్స్, గిటారు ఒకదాని సందులోంచి ఒకటి తగులుకోకుండా నడుస్తాయి. మైకు ఎక్కడుందో తెలియని మనుషులు వాయించినట్టు లేదు.

ఆ పాట 1952లో బిల్‌బోర్డ్ పత్రిక రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో తొమ్మిదో స్థానం దాకా వెళ్లింది.

అత్తిలి_అమ్మాయి

నేను కొత్త సభ్యురాలిని. అందరూ చీపురు దులపడం అంటున్నారు కానీ ఆ మాటకు అర్థం ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఇల్లు ఊడ్చి వెళ్లడమా? మా అమ్మమ్మ అయితే ప్రయాణమైనవాళ్ల ముందు చీపురు కనబడనిచ్చేది కాదు.

చాటుధార

మంచి ప్రశ్న అడిగారమ్మా. జాన్సన్‌ను ఎరిగిన బిగ్ జో విలియమ్స్ ఆ మాటకు చెప్పిన అర్థం, ఇక తిరిగి రాకుండా వెళ్లిపోవడం. మన తట్టాబుట్టా సర్దుకోవడానికి దగ్గర, కాకపోతే ఇందులో తెగతెంపుల కసి కూడా ఉంది. మిమ్మల్ని చేర్చుకోని ఊరు విడిచేటప్పుడు పాదాల ధూళి దులిపివేయండి అని మత్తయి సువార్త పదో అధ్యాయంలో ఉన్న వాక్యం దీని వెనక ఉందని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. చర్చిలో పెరిగిన గాయకులకు ఆ వాక్యం కంఠస్థం కనుక అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. పాటలో మొదటి చరణం చూడండి: పొద్దున్నే లేచి వెళ్లిపోతాను, నా గది నువ్వు మరిగినవాడికి ఇచ్చుకో అంటాడు. గది ఖాళీ చేసేవాడు చివరగా చేసే పని ఊడ్చడమే కదా.

వకీలు_విశ్రాంతి

అట్టల మీద రెండు పేర్లు ఎందుకున్నాయన్నది మొదటి ప్రశ్న. అది మరుగున పడుతున్నట్టుంది.

1961లో కొలంబియా సంస్థ జాన్సన్ పాటలు పదహారింటిని ఎల్పీగా తెచ్చింది. ఇంగ్లండులో ఒక తరం గిటారువాద్యకారులను ఊపేసిన ఆ ఎల్పీలో ఈ పాట లేదు. 1970లో వచ్చిన రెండో సంపుటంలో చేరింది. అంటే పాత ప్లేట్లు సేకరించే కొద్దిమంది తప్ప, అప్పటిదాకా ప్రపంచానికి ఈ పాట తెలిసింది ఎల్మోర్ జేమ్స్ గొంతులోనే. 1963లో ఆయన 45 ఏళ్లకే గుండెపోటుతో చికాగోలో పోయేనాటికి ఈ పాట ఆయన ఇంటిపేరులా అయిపోయింది. కంపెనీలు ఆయన పేరే వేసుకుంటూ పోయాయి, అందులో అన్నిసార్లూ దురుద్దేశం వెతకనక్కరలేదు.

నడుమ ఆర్థర్ క్రుడప్ కూడా 1949లో ఇదే పేరుతో పాడాడు, జాన్సన్ దగ్గరే గిటారు నేర్చుకున్న రాబర్ట్ లాక్‌వుడ్ 1951లో పాడాడు. జాన్సన్ బతికుండగా హక్కుల నమోదు లేదు, చనిపోయాక అడిగేవారు లేరు. ఆయన ఇతర పాటలు ‘లవ్ ఇన్ వేన్’, ‘స్టాప్ బ్రేకింగ్ డౌన్’ విషయంలో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2000లో తీర్పు ఇచ్చింది: 1930లలో ప్లేటు అమ్మినంత మాత్రాన పాట ప్రచురితమైనట్టు కాదు, కాబట్టి హక్కు పోలేదు అని. 1990లో జాన్సన్ రికార్డుల సంపూర్ణ సంకలనం విపరీతంగా అమ్ముడైన తరువాతే ఈ హక్కులకు ఎవరైనా పోట్లాడేంత విలువ వచ్చింది.

మిరపతోట

ఆరుతీగలు గారి పోస్టు చదివాక రెండు రికార్డులూ మళ్లీ పెట్టుకుని విన్నాను. నా మాటను కొంత సవరించుకుంటున్నాను. కొలత ఒకటే ఉండాలన్నది ఇప్పటికీ నా మాటే, కానీ ఆ కొలతలో ఇద్దరూ నిలబడుతున్నారు. ఇంకొకటి కూడా గమనించాను. చాటుధార గారు అంత ముచ్చటగా విడమరిచిన చైనా, ఇథియోపియా చరణం 1951 రికార్డులో లేదు. చివరికి వచ్చేసరికి, నాకు ఇక ఎక్కువ కాలం లేదనిపిస్తోంది అనే కొత్త చరణం వచ్చింది. 1936 నాటి వార్తలు పదిహేనేళ్లకు పాతబడి రాలిపోయాయనుకుంటాను.

పాతప్లేటు

అందరికీ కృతజ్ఞతలు. మా కాగితంలో గడి చిన్నదే కానీ ఇలా రాద్దామనుకుంటున్నాను: “మాటలు: 1930ల బ్లూస్ చరణాలు, కూర్పు, గిటారు వరస: రాబర్ట్ జాన్సన్, 1936, స్లయిడ్ ఎత్తుగడ: ఎల్మోర్ జేమ్స్, 1951.” ముందు కొకోమో ఆర్నాల్డ్‌ను, తరువాత జాన్సన్‌ను, చివర జేమ్స్‌ను వినిపిస్తాను. అక్షరాలు పట్టకపోతే సంవత్సరం గడిని ఇందులో కలిపేస్తాను.

మిసిసిపీ_బాబాయి

బాగుంది. ఒక్క చిన్న సవరణ. మీరు వినిపించేది ట్రంపెట్ ప్లేటు నుంచి తీసిన పాటే అయితే, దాని లేబుల్ మీద ఉన్నది ‘ఎల్మోర్’ కాదు, ‘ఎల్మో జేమ్స్’. గాయకుడి గడిలో లేబుల్ మీద ఉన్నట్టే వేసి, పక్కన అసలు పేరు వేయండి. లేకపోతే మీ పదిమందిలో ఎవరో ఒకరు అచ్చుతప్పు అని మీ మీదికి వస్తారు.